పద్నాలుగు బై ఆరు

"మీదే ఊరు?" అని ఎవరైనా అడిగితే సడయప్పన్ ఊరి పేరు చెప్పేవాడు కాదు. "తొమ్మిది బై రెండు" అనేవాడు. ఊంజప్పాళెం గడియారస్తంభం దగ్గర పుట్టి పడమటి గుట్టల్లోకి పోయే రోడ్డు మీద, తొమ్మిదో కిలోమీటరు రాయి దాటాక '2' అని రాసున్న చిన్నరాయి ఎదుటి పెంకుటిల్లు అని దానికి అర్థం. కిలోమీటరుకొక పెద్దరాయి, మధ్యలో రెండు వందల మీటర్లకొకటి చొప్పున నాలుగు చిన్నరాళ్ళు. ఆయన లోకమంతా ఆ రాళ్ళ లెక్కలోనే ఉండేది. భార్య కుప్పాయి పుట్టిల్లు పన్నెండు బై ఎనిమిది. తండ్రిని పూడ్చింది పదిహేను బై రెండు పక్కన. పిచ్చికుక్క కరిచింది పదమూడు బై నాలుగులో, అదీ జీతం వచ్చిన రోజున.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన రోడ్ల శాఖలో గ్యాంగ్‌మన్. ఎనిమిదో రాయి నుంచి పదహారో రాయి దాకా ఆయన పాలు. గుంతలు పూడ్చడం, అంచున పెరిగే సర్కారుతుమ్మ నరకడం, లారీ కింద పడ్డ మేకల్ని ఈడ్చి పాతడం, వానాకాలానికి ముందు కల్వర్టుల కింద దూరి పూడిక ఎత్తడం. బాటలు వేయించిన రాణుల పేర్లు ఆ దేశంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫలానా రాజు నీడకు చెట్లు నాటించాడనీ, ఫలానా దొర గొలుసు పెట్టి కొలిపించాడనీ బడిపిల్లలు బట్టీ పడతారు. వేసిన బాటను మర్నాటి నుంచి కాపాడినవాడి పేరు మాత్రం ఏ శాసనంలోనూ లేదు. ఆ శాసనం చెక్కడానికి వచ్చిన శిల్పి కూడా వాడు పూడ్చిన గుంతల మీదుగానే నడిచి వచ్చి ఉంటాడు. నడిచినవాడికి గుంత గుర్తుంటుంది, పూడిక గుర్తుండదు.

బహుశా అందుకేనేమో, ఆ శాఖలో గ్యాంగులవాళ్ళు ఆయుధపూజ తమకు తాము కల్పించుకున్న పద్ధతిలో చేస్తారు. మిగతావాళ్ళు జీపుకూ కత్తికీ కుట్టుమిషనుకూ బొట్టు పెడితే, వీళ్ళు కిలోమీటరు రాళ్ళకు పెడతారు. ముందురోజే కడిగి, సున్నం కొట్టి, అంకెలకు నల్లరంగు వేసి, పండగనాడు చందనం, కుంకుమ, చామంతి దండ. ముందు అరిటాకులో మరమరాలూ వేయించిన శనగపప్పూ. చివర కుంకుమ కూరిన బూడిదగుమ్మడికాయ పగలగొట్టడం. సడయప్పన్ తన ఎనిమిది కిలోమీటర్లలో ఒక్క చిన్నరాయిని కూడా వదిలిపెట్టేవాడు కాదు. పెద్దరాయికి దండ, చిన్నరాయికి పువ్వు. "దేవుడు ఎక్కడున్నాడో మనకు తెలీదు. ఇది పద్నాలుగో కిలోమీటరులో ఉంది. అబద్ధం చెప్పదు" అనేవాడు.

ఆ ఏడు ఆడి మాసంలో, దసరాకు రెండు నెలల ముందు, శాఖకు కొత్త ఊపు వచ్చింది. ఊంజప్పాళెం కల్యాణమండపంలో గ్యాంగులన్నిటినీ కూర్చోబెట్టి టీ, బిస్కెట్లు ఇచ్చారు. కొత్తగా వచ్చిన అసిస్టెంట్ ఇంజనీరు, పేరు యాళిని, ఇరవై ఏడేళ్ళ పిల్ల, తెరమీద బొమ్మలు చూపించి చెప్పింది. గుంతలు పూడ్చే బండి వస్తుంది. ఎవరైనా ఉచిత నంబరుకు ఫోన్ చేయొచ్చు. డెబ్భై రెండు గంటల్లో పని అయిపోవాలి. అయితే కంప్యూటర్లో పచ్చరంగు, కాకపోతే ఎర్రరంగు.

"ఇకమీదట నోటిమాటలు వద్దండీ. మీరు కూడా ఈ నంబరుకే చెప్పాలి. మీరు గుంతలు రాసుకునే డైరీలు ఇచ్చేయండి. మనం ఇంత చేస్తాం, ఎక్కడా కనబడదు. కనబడాలి."

మాయాండి అనే ముసలి గ్యాంగ్‌మన్ చెయ్యెత్తాడు. "అమ్మా, పూడ్చేదీ మేమే, గుంత ఉందని ఫోన్ చేసేదీ మేమే. తవ్వే పని కూడా మాకే ఇచ్చేస్తే ఒక లెక్కన సరిపోతుంది గదా!"

మండపమంతా నవ్వింది. యాళిని కూడా నవ్వింది. ఆ పిల్ల చెడ్డది కాదు, అది ముందే చెప్పడం మంచిది. తర్వాత ఒక కాగితం తిరిగింది. సంతకం పెట్టినవాడికి బిస్కెట్ పొట్లం. కాగితం పైభాగాన అచ్చులో ఏముందో ఎవరూ చదవలేదు. చదువుతూ కూర్చుంటే క్రీము బిస్కెట్లు అయిపోతాయి.

అక్కడ అచ్చులో ఉన్నదేమిటంటే, బైపాసు పడ్డాక రోడ్డు కొలత మొదలయ్యే సున్నా గడియారస్తంభం దగ్గర్నుంచి బైపాసు కూడలికి జరిగిందని. మూడు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు. అంటే ప్రతి అంకెలోనూ అంత తగ్గుతుంది. కంప్యూటర్లో అప్పటికే తగ్గింది. నేల మీద ముందు పాతరాళ్ళు పీకాలి, మెరిసే అంకెల ఇనపబోర్డులు ఆ తర్వాత ఎప్పుడో పాతాలి.

ఆ పీకేవాళ్ళు ఆయుధపూజ అయిన నాలుగో రోజున వచ్చారు. జార్ఖండ్ కూలీలు ఆరుగురు, ఒక మేస్త్రీ. ఏడో రాయి దాకా నిమిషాల మీద పీకి లారీలో పడేశారు. ఎనిమిదో రాయి దగ్గర గునపం ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. రాయికి చందనం, కుంకుమ, చామంతి దండ, ముందు పగిలిన గుమ్మడికాయ. వాడు గునపం కింద పెట్టి చెంపలు వేసుకున్నాడు. మేస్త్రీ తిట్టాడు, బతిమాలాడు, చివరికి తనే ఎత్తబోయి తనూ దించాడు. పరాయి ఊళ్ళో పరాయి దేవుడితో ఎందుకొచ్చిన తంటా! ఎనిమిది నుంచి పదహారు దాకా అన్ని రాళ్ళకూ అదే వేషం. మేస్త్రీ ఫోన్‌లో 'పూర్తయింది' అని కొట్టి పదిహేడో రాయి దగ్గర లారీ దిగాడు.

ఆ సాయంత్రం సడయప్పన్ పద్నాలుగు బై ఆరు దగ్గర పావాయి టీకొట్టులో కూర్చుని ఈ కథ చెప్పి చెప్పి నవ్వాడు. పావాయి మొగుడు పోయిన మనిషి, నలభై దాటింది, నోరు పెద్దది.

"నీ రాళ్ళకు భయపడ్డారన్నా, నిన్ను చూసి ఎవడూ భయపడడు గదా!"

"ఎందుకు భయపడాల? నేను రాయినా?"

"రాయైతే ఏడాదికొక దండన్నా దొరికేది నీకు. ఒదిన వేస్తాదా?"

బల్ల మీద పాలక్యాన్లు దించి ఆమె తమ్ముడు నల్లతంబి అందుకున్నాడు. "ఒదినకెందుకక్కా ఆ శ్రమ? రిటైరయినాక ఈయన్ని కూడా ఆ పక్కనే పాతేస్తే సరి. పద్నాలుగు బై ఏడు." నల్లతంబి పొద్దునా సాయంత్రం మోపెడ్ మీద పాలు తీసుకుని కొట్టు ఎదుటి కల్వర్టు దాటి సేకరణ కేంద్రానికి పోతాడు. ఇద్దరాడపిల్లలు, మూడు బర్రెలు.

దసరా తర్వాత ఐప్పసి నెల మొదటి వాన పడ్డాక సడయప్పన్ ఆ కల్వర్టు కిందికే దూరాడు. పూడిక తట్ట ఎత్తబోతూ ఆగిపోయాడు. పక్కగోడలో పిడికిలి పట్టే చీలిక. కింద పునాదిరాళ్ళు రెండు లేవు, వాగు తీసుకుపోయింది. పైన పలక పళ్ళూడిన దవడలాగా గాలిలో ఉంది. రోడ్డు మీద నిలబడి చూస్తే ఏమీ లేదు, నున్నటి తారు. ఇంకో పెద్దవాన వస్తే ఇది ఉండదని ఆయనకు అర్థమైంది. ఆ సంగతి ఆ క్షణాన లోకంలో ఆయనొక్కడికే తెలుసు.

పాతరోజుల్లో అయితే డైరీలో రాసి, సైకిలెక్కి ఆఫీసుకు పోయి, ఇంజనీరు బల్ల ముందు నిలబడేవాడు. వాళ్ళు విసుక్కునేవాళ్ళు, కానీ జీపెక్కి వచ్చేవాళ్ళు. ఇప్పుడు డైరీ లేదు. యాళినికి ఫోన్ చేశాడు. "నంబరుకు చెప్పండయ్యా, అది వస్తే నేను డబ్బు మంజూరు చేయించగలను. నోటిమాటకు పైసా రాదు" అంది. అబద్ధం కాదు. నంబరుకు చేశాడు. ఎక్కడో పట్నంలో ఒక అమ్మాయి గొంతు.

"కిలోమీటరు చెప్పండి సార్."

"పద్నాలుగు బై ఆరు తల్లీ. పావాయి టీకొట్టు ఎదురుగా ఉండే కల్వర్టు. కింద పునాదే—"

"టీకొట్టు పెట్టడానికి గడి లేదు సార్. పద్నాలుగు, ఆరు. కల్వర్టు మరమ్మతు. అంతేనా?"

"అంతే. తొందరగా తల్లీ."

మూడోరోజు మధ్యాహ్నం ఫోన్ టింగుమంది. మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, సహకారానికి ధన్యవాదాలు. సడయప్పన్ సంతోషంగా సైకిలెక్కాడు. చీలిక అలాగే ఉంది, ఇంకో వేలెడు పెరిగింది.

"ఎవరొచ్చినారమ్మా?"

"ఈగ గూడా వాల్లేదన్నా" అంది పావాయి.

మళ్ళీ ఫోన్. "అది అయిపోయింది సార్, ఫోటో ఉంది."

"ఫోటోలో టీకొట్టు ఉందా చూడు తల్లీ?"

"కల్వర్టు ఉంది సార్, తెల్లగా, బాగుంది. అదే చోటికి నెల తిరక్కుండా రెండో ఫిర్యాదు కంప్యూటర్ తీసుకోదు. మా సేవకు ఒకటి నుంచి ఐదు దాకా ఎన్ని మార్కులు వేస్తారు సార్?"

యాళిని ఫోన్ ఎత్తలేదు. మీటింగులో ఉన్నానని పొట్టి సందేశం వచ్చింది. సడయప్పన్ ఇక అడగదలచుకోలేదు. కల్వర్టుకు రెండువైపులా రాళ్ళు పేర్చి, తుమ్మకంపలు అడ్డం వేసి, పావాయి ఇచ్చిన ఎర్రలంగా చించి జెండా కట్టాడు. వెళ్ళేవాళ్ళు పక్కన పొలంగట్టు మీదుగా దిగి ఎక్కాలి. నల్లతంబి దిగి, బురదలో మోపెడ్ తోసుకుంటూ తిట్టాడు. "ఏందన్నా ఇది, రోడ్డు మీ అత్త ఇచ్చిందా నీకు?"

"తోసుకోరా, సచ్చేదానికంటే తోసేది మేలు."

మర్నాడు సడయప్పన్‌కు రోడ్డు మీద పని లేదు. ఆఫీసు గోడకు సున్నం కొట్టమన్నారు. డెబ్భై రెండు గంటల్లో అన్ని ఫిర్యాదులూ తీర్చిన సబ్‌డివిజన్ అని జిల్లాలో మొదటి బహుమతి వచ్చింది. పైఅధికారి వచ్చి షీల్డు ఇస్తాడు. ఈయన నిచ్చెన మీద ఉన్నప్పుడు, ఎవరో కారు పెద్దమనిషి కంపలు ఫోటో తీసి, రోడ్డుకు అడ్డంకి అని ఫిర్యాదు పెట్టాడు. దానికి డెబ్భై రెండు గంటలు కూడా పట్టలేదు. నాలుగు గంటల్లో కొత్తబండి వచ్చింది. కంపలు తీసింది, రాళ్ళు వాగులోకి దొర్లించింది, జెండా మడిచి పక్కన పెట్టింది, ఫోటో తీసుకుంది. పావాయి అడ్డం పోయి అరిచింది. "కింద పగిలిందయ్యా, వద్దు" అని. బండివాడు కిందికి వంగి చూడలేదు. వంగి చూడమని అతని ఫోన్‌లో లేదు.

మధ్యాహ్నం మొదలైన వాన సాయంత్రం అయిదుకు కూడా ఆగలేదు. నల్లతంబి కంపలు లేకపోవడం చూసి, బాగుచేసేశారనుకుని, నేరుగా పోనిచ్చాడు.

పలక అతని కింద విరగలేదు. అతనితోపాటు కూలింది. కాలు పలకకూ గోడకూ మధ్య పడింది. పాలు వాగులో తెల్లగా చాలాదూరం పోయాయని పావాయి తర్వాత అందరికీ చెప్పేది. ఆమెకు గుర్తుండిపోయింది అదే. జిల్లా ఆసుపత్రిలో మోకాలి కింద తీసేశారు.

ఆసుపత్రి వరండాలో పావాయి సడయప్పన్ చెయ్యి పట్టుకుంది. "లాయరు చెప్తున్నాడన్నా. కల్వర్టు పగిలిందని ముందే ఆఫీసుకు తెలుసని రుజువైతే వాళ్ళు నష్టపరిహారం కట్టియ్యాల్నంట. లేకపోతే వాన మీద పెట్టేస్తారంట. నువ్వు చెప్పినావు గదన్నా?"

"చెప్పినానమ్మా. రెండుసార్లు. ఫోన్లో ఉంది."

"కోర్టులో చెప్తావా?"

"యాడైనా చెప్తా."

లోపల మంచం మీద నల్లతంబి ఆ మాట విన్నాడు. "అన్న చెప్తే చాలక్కా" అన్నాడు.

పదిరోజులకు ఆఫీసు నుంచి పిలుపు. యాళిని బల్ల మీద షీల్డు ఉంది. దాని పక్క నుంచి ఆమె కంప్యూటర్ తెర ఇటు తిప్పింది. "చూడండయ్యా, మీరు చెప్పిన పద్నాలుగు బై ఆరు."

తెరమీద తెల్లగా సున్నం కొట్టిన కల్వర్టు. సడయప్పన్ ఒక్కచూపులో పోల్చుకున్నాడు. "ఇది పదిహేడు బై ఎనిమిది గదమ్మా! నాది కూడా కాదు. దొరలనాటి కట్టడం, ఏనుగు నడిచినా కదలదు. దీనికెందుకు సున్నం?"

"మీ పదిహేడు బై ఎనిమిదే ఇప్పుడు పద్నాలుగు బై ఆరు. కూలింది పదకొండు బై నాలుగు. దాని మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు."

సడయప్పన్ పదిహేడు బై ఎనిమిదిలోంచి పద్నాలుగు బై ఆరు వేళ్ళ మీద తీసేసి చూసుకున్నాడు, మూడు బై రెండు. అర్థమయ్యాక గుర్తొచ్చింది గునపం దించిన జార్ఖండ్ మనిషి. రాళ్ళు పీకి ఉంటే ఏ అంకె చెప్పాలో తను అడిగేవాడు. అడిగితే తెలిసేది. తనే కడిగాడు, తనే చందనం పూశాడు. అబద్ధం చెప్పదన్న రాయి చేత తనే అబద్ధం చెప్పించాడు.

"నాకెవరూ చెప్పలేదమ్మా."

యాళిని ఒక కాగితం చూపించింది. మండపంలో తిరిగినది. పైన అచ్చు, కింద ఆయన సంతకం. "చెప్పినట్టు ఉందయ్యా." ఆమె గొంతు తగ్గింది. "మీరు మీ రాయి చూసి చెప్పారని నాకు తెలుసు. ఇప్పుడు తెలుసు."

"అప్పుడు?"

"అప్పుడు పచ్చరంగు కనిపించింది."

రెండో కాగితం పైనుంచి టైపై వచ్చింది. 'అంకెలు మారాయని నాకు ముందే తెలిసినప్పటికీ, అజాగ్రత్త వల్ల తప్పు నంబరు ఇచ్చాను, కూలిన కల్వర్టు గురించి నేను ఎవరికీ తెలియజేయలేదు' అని. సంతకం పెడితే మందలింపుతో పోతుంది. పెట్టకపోతే ఛార్జి మెమో. సంక్రాంతి ముందు, మార్గళి ఆఖరున రిటైర్మెంట్, విచారణ నడుస్తుండగా పింఛను కాగితం కదలదు.

"మీకు ఫోన్ చేసినా గదమ్మా. ఎవరికీ అంటారేమి?"

యాళిని కిటికీలోంచి బయటికి చూసింది. "ఆ మాట నేను రాస్తే నాకూ ఒక కాగితం వస్తుందయ్యా. నా ప్రొబేషను ఇంకా అవలేదు." ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీళ్ళు తిరగడం మంచితనమే, కాదనలేం. మంచివాళ్ళు ఏడుస్తూ చేసే పనులు లోకంలో చాలా ఉన్నాయి.

ఆ రాత్రి కుప్పాయి రాగిసంగటి ముద్ద ముందు పెట్టి అడిగింది. "పెట్టకపోతే వాడికి కాలు మొలుస్తాదా?"

"మొలవదు."

"పర్మనెంటు చేసేదానికి నిన్ను పన్నెండేండ్లు తిప్పినారు. విచారణ ఎన్నేండ్లు తిప్పుతారు? అప్పటికి నువ్వుంటావా, నేనుంటానా?"

"మాటిచ్చినానే."

"మాట నాకు గూడా ఇచ్చినావు, పెండ్లిలో. తిండి పెడతానని."

ఆయన ముద్ద వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. కాలు మొలవకపోయినా ఇద్దరాడపిల్లలకు అన్నం మొలుస్తుందని ఆయనకు తెలుసు. అయినా పొద్దున్నే లేచి, ఆఫీసుకు పోయి, చూపించినచోట సంతకం పెట్టాడు. ఈసారి పూర్తిగా చదివి పెట్టాడు.

మార్గళి ఆఖరున శాలువా కప్పారు. ముప్పై ఒక్క ఏళ్ళ మచ్చలేని సేవ అని పైఅధికారి అన్నాడు. మాయాండి చప్పట్లు కొట్టలేదు. చేతులు నొప్పి అన్నాడు. పింఛను మొదటి నెలే వచ్చింది. ఆ శాఖలో అలా వచ్చింది అదే మొదటిసారని గుమాస్తా ఆశ్చర్యపోయాడు.

సంక్రాంతి దాటాక, తై నెలలో ఒకరోజు సడయప్పన్ సైకిలెక్కి పడమటికి వెళ్ళాడు. కొత్త కల్వర్టు పడింది. పక్కన ఇనపబోర్డు. టీకొట్టు ముందు నల్లతంబి మోపెడ్, గోనెపట్టా కప్పి ఉంది. లోపల అతను బల్లమీద కూర్చుని, ఒంటికాలు చాపి, ఉల్లిపాయలు తరుగుతున్నాడు. తల ఎత్తి చూసి, మళ్ళీ తరగడంలో పడ్డాడు. తను సంతకం పెట్టిన కాగితం లాయరు వీళ్ళకు చదివి వినిపించాడని సడయప్పన్‌కు తెలుసు. తెలిసే వచ్చాడు. వచ్చే దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ వచ్చాడు.

పావాయి గ్లాసు కడిగింది. పాలు పోసింది, డికాషన్ పోసింది. ఆయనకు చక్కెర జబ్బు వచ్చి పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళూ ఆయన టీ ఎలా తాగుతాడో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చెంచా చేత్తో పట్టుకుని, మొహం చూడకుండా అడిగింది.

"సార్‌కు చక్కెర వెయ్యాల్నా?"

సడయప్పన్ గ్లాసుకు చెయ్యి చాపాడు.

"వెయ్యమ్మా" అన్నాడు.